చివరి మూడు అవుట్లు

మైక్ వెనకదాకా వినపడుతోందా? గోడ దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన పిల్లలు చాలామంది ఇక్కడ లిటిల్ లీగ్ ఆడుతున్నారు, శనివారం పొద్దున్నే మనం కాఫీ పట్టుకుని ఫెన్స్ ఇవతల నిలబడతాం, లోపల ఏం జరుగుతోందో సగం అర్థం కాదు, అందుకే బేస్‌బాల్ గురించి ఏదైనా చెప్పమని నన్ను అడిగారు. రూల్స్ పుస్తకం చెప్పను నేను. ఒక్క మనిషి కథ చెప్తాను, ఆ కథలో ఎంత ఆట వస్తే అంత ఆట వస్తుంది.

ఆ మనిషి మరియానో రివేరా. న్యూయార్క్ యాంకీస్ అనే టీమ్‌లో రిలీఫ్ పిచర్, అంటే మొదలుపెట్టినవాడు దిగిపోయాక మధ్యలో వచ్చి బంతి వేసేవాడు. 1995 నుంచి 2013 దాకా 19 సీజన్లు, అన్నీ ఒకే టీమ్‌కి.

నేను ఈ దేశం వచ్చింది 2001 ఆగస్టులో. నెల తిరక్కుండానే సెప్టెంబర్ 11. ఆ రోజులు ఎలా ఉండేవో అప్పటికే ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. జెర్సీ సిటీలో నలుగురం ఒక అపార్ట్‌మెంట్, ఆఫీసులో ఎవరిని కదిపినా అవే మాటలు, ఆ బరువులో ఊరంతా పట్టుకుని వేలాడింది ఏంటంటే యాంకీస్ వరల్డ్ సిరీస్, అంటే సీజన్ ఆఖరి ఫైనల్ సిరీస్, ఆడటం. నవంబర్ 4, ఆదివారం రాత్రి, ఏడో మ్యాచ్, అంటే ఆఖరిది, అరిజోనాలో. నేను మొదటి బంతి నుంచి చివరిదాకా చూసిన మొదటి బేస్‌బాల్ మ్యాచ్ అదే. ఆ రాత్రి రివేరా ఓడిపోయాడు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను, ముందు ఆయన చేసే పని ఏంటో తెలియాలి కదా.

మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్, ఇన్నింగ్‌కి 3 అవుట్లు. మొదలుపెట్టే పిచర్ని స్టార్టర్ అంటారు, మామూలుగా అయిదు రోజులకోసారి వేస్తాడు, ఎప్పుడు వేస్తాడో ముందే తెలుసు, ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచీ అదే ధ్యాసలో ఉంటాడు. రిలీఫ్ పిచర్ పని అట్లా కాదు. మైదానం చివర బుల్‌పెన్ అని ఒక ఆవరణ ఉంటుంది, అక్కడ కూర్చుంటాడు, గోడకి ఫోన్ ఉంటుంది, అది మోగితే లేచి చెయ్యి వేడెక్కించుకోవాలి, వేడెక్కాక మేనేజర్ మనసు మార్చుకుంటే మళ్లీ కూర్చోవాలి. ఒక్కోసారి రెండు మూడు సార్లు లేచి వేసి మళ్లీ కూర్చుంటాడు, ఆ రోజు అసలు మైదానంలోకే రాడు, ఆ వేసిన బంతులు ఏ లెక్కలోనూ ఉండవు, భుజం నొప్పి మాత్రం ఉంటుంది. మర్నాడు మళ్లీ రెడీ.

పైగా పిలిచేది ఎప్పుడు? పని చెడ్డప్పుడు. ముందు వేసినవాడు ఎదుటివాళ్లలో ఇద్దర్ని బేస్‌ల మీదకి, అంటే పరుగు దారిలో ఉండే మజిలీల మీదకి, ఎక్కించి అలిసిపోతే ఆ మధ్యలోకి ఇతన్ని పంపిస్తారు. నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది ఇందులో. అప్పటికే బేస్‌ల మీద ఉన్న రన్నర్లు ఇప్పుడు ఇంటికి, అంటే మొదలుపెట్టిన చోటికి, చేరితే ఆ పరుగులు ఇతని ఖాతాలో పడవు, దిగిపోయి డగౌట్‌లో కూర్చున్నవాడి ఖాతాలో పడతాయి. అంటే ఇతను సరిగ్గా వెయ్యకపోతే పాడయ్యేది పక్కవాడి పేరు. ఇంకొకళ్ల అప్పు మన చేతిలో పెట్టి తీర్చమన్నట్టు ఉంటుంది ఆ పని.

ఈ రిలీఫ్ పిచర్లలో చివరివాడు క్లోజర్. తొమ్మిదో ఇన్నింగ్‌లో వస్తాడు, చివరి మూడు అవుట్లు తీయాలి. టీమ్ మూడు పరుగులో అంతకన్నా తక్కువో ముందున్నప్పుడు వచ్చి, కనీసం ఒక ఇన్నింగ్ వేసి, ఆ ముందంజ పోకుండా మ్యాచ్ ముగిస్తే దాన్ని సేవ్ అంటారు, సేవ్‌కి ఇంకో రెండు దారులు కూడా ఉన్నాయిగానీ ఎక్కువగా చూసేది ఇదే. 1969 నుంచి అది అధికారిక లెక్క. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే ఆఖరి ఓవర్ బౌలరు, కాకపోతే ఏడాదికి 60, 70 మ్యాచ్‌లు అదే పని. నిలబెట్టలేకపోతే దానికీ ఒక పేరుంది, బ్లోన్ సేవ్, మిగతా ఎనిమిది మంది మూడు గంటలు కష్టపడి కట్టుకున్నది పది నిమిషాల్లో పోగొట్టినట్టు లెక్క. అందుకే ఈ ఉద్యోగంలో నిలకడ తక్కువ. రెండేళ్లు బాగా వేసి, మూడో ఏడాది కుదరక, టీమ్‌లు మారుతూ మారుతూ కనపడకుండా పోయినవాళ్లు బోలెడంత మంది.

ఇప్పుడు పనామా వెళ్దాం. ప్వెర్టో కైమితో అని చేపలు పట్టేవాళ్ల ఊరు. రివేరా 1969 నవంబర్‌లో పుట్టాడు, ఆ ఊళ్లోనే పెరిగాడు. వాళ్ల నాన్న చేపల బోటుకి కెప్టెన్. మాది బందరు, గిలకలదిండి రేవులో బోట్లు చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకని ఈ భాగం చదివినప్పుడు నాకు ఆ ఊరు కళ్లకి కట్టినట్టు ఉంటుంది. పాల డబ్బా అట్టతో చేసుకున్న గ్లోవ్, చెట్టు కొమ్మ బ్యాటు, పాత వల ముక్కలు చుట్టి టేపు వేసిన బంతి. స్కూలు మానేసి నాన్నతో వేటకి వెళ్లాడు, వాళ్లు పట్టేది సార్డీన్లు, అంటే మన కవళ్లు. పందొమ్మిదేళ్లప్పుడు బోటు మునిగిపోతుంటే వదిలేసి బయటపడాల్సి వచ్చింది, ఆ తర్వాత ఈ బతుకు నాది కాదనుకున్నాడు.

అప్పటికి ఆయన పిచర్ కూడా కాదండి. స్థానిక టీమ్‌లో షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్. ఒకరోజు వాళ్ల పిచర్‌ని చితక్కొట్టేస్తుంటే నేను వేస్తానని ముందుకొచ్చాడు. రెండు వారాల్లో యాంకీస్ వాళ్ల ట్రైఅవుట్‌కి వెళ్లాడు. 1990 ఫిబ్రవరిలో హెర్బ్ రేబర్న్ అనే స్కౌట్, అంటే కొత్త ఆటగాళ్లని వెతికేవాడు, సంతకం పెట్టించాడు, చేతికిచ్చింది రెండు మూడు వేల డాలర్లు. సన్నటి కుర్రాడు, స్పీడు గొప్పగా లేదు, ఇంగ్లీషు రాదు. కానీ చెయ్యి తిరిగే తీరులో ఒక సాఫీతనం ఉంది, కష్టపడుతున్నట్టే కనపడదు. మొదటి ఏడాది మైనర్ లీగ్‌లో, అంటే కింది స్థాయిలో, 52 ఇన్నింగ్స్ వేస్తే ఒకే ఒక్క ఎర్న్‌డ్ రన్, అంటే ఫీల్డర్ల పొరపాటు వల్ల కాకుండా వచ్చిన పరుగు, ఇచ్చాడు.

1992లో మోచేతికి ఆపరేషన్. అదే ఏడాది చివర ఫ్లోరిడా, కొలరాడో కొత్త టీమ్‌లు పెట్టుకుంటూ పాత టీమ్‌ల నుంచి ఆటగాళ్లని తీసుకునే డ్రాఫ్ట్ జరిగింది, యాంకీస్ తమ దగ్గర అట్టిపెట్టుకునే పేర్లలో రివేరా పేరు లేదు. ఎవరైనా తీసుకుపోవచ్చు. ఎవ్వరూ తీసుకోలేదు.

1995 మేలో పైకి వచ్చాడు, స్టార్టర్‌గా. మొదటి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్ దాటగానే 5 పరుగులిచ్చి దిగిపోయాడు, టీమ్ 10-0తో ఓడింది. మళ్లీ కిందకి పంపించారు. డేవిడ్ వెల్స్ అనే పిచర్ కోసం డెట్రాయిట్‌తో మాటలు నడుస్తున్నాయి, బదులుగా ఇచ్చేవాళ్లలో రివేరా పేరూ ఉంది. సరిగ్గా అప్పుడు కొలంబస్‌లో, యాంకీస్ వాళ్ల కింది టీమ్‌లో, ఆయన బంతి స్పీడు ఉన్నట్టుండి 95 మైళ్లకి పెరిగింది. అంతకుముందు 90 దాటడమే కష్టం. జనరల్ మేనేజర్ జీన్ మైకేల్ ఆ రిపోర్ట్ నమ్మలేక, స్పీడు కొలిచే గన్ పాడైందేమోనని ఇంకో చోట నుంచి కనుక్కున్నాడు. నిజమేనని తేలాక ఆ బేరం ఆపేశాడు. ఆ ఒక్క ఫోన్ కాల్ లేకపోతే నేను ఇవాళ ఇక్కడ ఇంకేదో మాట్లాడుతూ ఉండేవాణ్ణి.

1996లో ఆయన ఎనిమిదో ఇన్నింగ్ మనిషి, క్లోజర్ జాన్ వెటలాండ్. ఏడో ఇన్నింగ్, ఎనిమిదో ఇన్నింగ్ రివేరా వేస్తే తొమ్మిదోది వెటలాండ్ వేసేవాడు, అంటే యాంకీస్‌తో ఆడేవాళ్లకి మ్యాచ్ ఆరు ఇన్నింగ్స్‌కే అయిపోయినట్టు. వరల్డ్ సిరీస్ గెలిచారు. వెటలాండ్ వెళ్లిపోయాడు, 1997లో క్లోజర్ పని ఈయన చేతికొచ్చింది, మొదటి ఆరు అవకాశాల్లో మూడు పోగొట్టాడు.

ఇక్కడ కాస్త ఆగుతా, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. 1997 జూన్, డెట్రాయిట్‌లో మ్యాచ్‌కి ముందు, రామిరో మెండోసాతో ఊరికే బంతి విసురుకుంటున్నాడు. మెండోసా కూడా పనామావాడే. మెండోసాకి బంతి అందట్లేదు, గ్లోవ్ దగ్గరికొచ్చి పక్కకి జరిగిపోతోంది, ఏంటి ఆటలాడుతున్నావా అని విసుక్కున్నాడట. రివేరా ఏమీ చెయ్యట్లేదు, ఎప్పుడూ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, ఎప్పుడూ వేసినట్టే వేస్తున్నాడు. కోచ్ మెల్ స్టాటిల్‌మైర్‌తో కలిసి కొన్ని వారాలు ఆ బంతిని తిన్నగా చెయ్యడానికి ప్రయత్నించాడు, అవును, పోగొట్టుకోవడానికే ప్రయత్నించాడు! కుదర్లేదు. చివరికి వదిలేసి అదే వెయ్యడం మొదలుపెట్టాడు. దాన్నే కట్టర్ అంటారు. దేవుడిచ్చాడని ఆయన ఇప్పటికీ చెప్తాడు, నేర్పించినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వేరే మాట కూడా దొరకదు.

క్రికెట్ తెలిసినవాళ్లకి ఒక మాట. ఇక్కడ బంతి నేలకి తగలదు, పిచ్ సాయం ఉండదు, వచ్చేవన్నీ ఫుల్ టాస్‌లే. పిచర్ నిలబడే దిబ్బ, మౌండ్, అక్కడి నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, బ్యాటర్‌కి దొరికే టైమ్ అర సెకనుకి కూడా తక్కువ. రివేరా బంతి చూడ్డానికి మామూలు ఫాస్ట్‌బాల్ లాగే వస్తుంది, బ్యాటర్ కొట్టడానికి నిర్ణయించేసుకున్నాక చివర్లో కొన్ని అంగుళాలు పిచర్‌కి ఎడమవైపుకి జరుగుతుంది. ఎడమచేతి బ్యాటర్‌కి అయితే చేతుల్లోకి వచ్చేస్తుంది, బ్యాటు సన్నటి చోట తగిలి విరిగిపోతుంది. 1999 వరల్డ్ సిరీస్‌లో అట్లాంటా బ్యాటర్ ర్యాన్ క్లెస్కో ఒకే టర్న్‌లో మూడు బ్యాట్లు విరగ్గొట్టుకున్నాడు. రెండు చేతులతోనూ ఆడగల స్విచ్ హిటర్లు కొందరు, రైట్ హ్యాండ్ పిచర్ వస్తే ఎడమచేత్తో ఆడటం పద్ధతి అయినా, ఈయన ముందు కుడిచేత్తోనే నిలబడేవాళ్లు. 2013లో ఆయన చివరిసారి మినెసోటా వెళ్లినప్పుడు వాళ్లు విరిగిన బ్యాట్లతో ఒక ఊగే కుర్చీ చేసి ఇచ్చారు.

ఏం వేస్తాడో అందరికీ తెలుసు. స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. ఒకే రకం బంతి. మిగతా పిచర్లు మూడు నాలుగు రకాలు కలిపి బ్యాటర్‌ని తికమకపెడతారు, ఈయన పదహారేళ్లు దాదాపు అదొక్కటే వేశాడు, ఎక్కడ వెయ్యాలనుకుంటే అక్కడ వేశాడు.

ఫలితాలు తొందరగా చెప్పేస్తా. 652 సేవ్‌లు, ఎవరికీ అన్ని లేవు, 2011 సెప్టెంబర్‌లో ట్రెవర్ హాఫ్‌మన్ రికార్డు 601 దాటాడు. 5 వరల్డ్ సిరీస్‌లు. ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్, కెరీర్ మొత్తానికి 2.21. ప్లేఆఫ్స్‌లో, అంటే గట్టి టీమ్‌లు మాత్రమే మిగిలిన చోట, ఇంకా తగ్గి 0.70. అక్కడ 141 ఇన్నింగ్స్ వేసి ఇచ్చింది 11 ఎర్న్‌డ్ రన్స్. చంద్రుడి మీద నడిచినవాళ్లు 12 మంది, ప్లేఆఫ్స్‌లో రివేరా ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్ అంతకన్నా తక్కువ అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు, లెక్క చూస్తే కరెక్టే.

కానీ నేను ఇంత ఇష్టపడేది ఈ అంకెల వల్ల కాదు. 652 పక్కన ఇంకో అంకె ఉంది, 80. అన్నిసార్లు ఆయన సేవ్ పోగొట్టాడు. అందులో లేని పెద్దవి కొన్ని ప్లేఆఫ్స్‌లో ఉన్నాయి, ఈ ఊరు ఇంకా మర్చిపోనివి.

1997లో క్లీవ్‌లాండ్ మీద గెలుపుకి ఇంకో నాలుగు అవుట్లు ఉండగా శాండీ అలోమార్ జూనియర్ హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. ఆ సిరీస్ పోయింది. కొత్త క్లోజర్, మొదటి ఏడాది, ఆ దెబ్బతో అయిపోయినవాళ్లని చాలామందిని చూశాం. రివేరా తర్వాతి మూడేళ్లూ వరల్డ్ సిరీస్ గెలిపించాడు, మూడుసార్లూ చివరి అవుట్ తీసింది ఆయనే.

ఇక 2001. యాంకీస్ 2, అరిజోనా 1. ఎనిమిదో ఇన్నింగ్‌లో వచ్చి ముగ్గుర్ని స్ట్రైక్‌అవుట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. మా రూమ్‌లో నాకు ఆట తెలియకపోయినా అయిపోయిందని అర్థమైంది. తొమ్మిదోది. మార్క్ గ్రేస్ సింగిల్, అంటే కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాతి బ్యాటర్ బంట్ చేశాడు, అంటే మెల్లగా ముందు పడేలా తట్టాడు, రివేరా బంతి తీసి రెండో బేస్‌కి విసిరాడు, అది పక్కకి పోయింది. బంతిని వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టే మనిషి, రెండో బేస్‌కి విసరడంలో తప్పాడు. టోనీ వోమాక్ డబుల్, అంటే కొట్టి రెండో బేస్ దాకా వెళ్లాడు, స్కోరు సమం. చివరికి లూయిస్ గొంజాలెజ్. కట్టర్ చేతుల్లోకే వచ్చింది, బ్యాటు విరిగింది, ఆయన అనుకున్నదే జరిగింది, కానీ ఆ విరిగిన బ్యాటు నుంచి బంతి మెల్లగా లేచి దగ్గరికొచ్చి నిలబడ్డ ఫీల్డర్ల తల మీదుగా పోయి గడ్డిలో పడింది. మామూలు చోటులో నిలబడి ఉంటే క్యాచ్. పరుగు ఆపాలని ముందుకి పిలిచారు. అయిపోయింది.

నేను తెల్లవార్లూ ఆలోచించింది ఆ ముఖం గురించే. గ్లోవ్ నేలకి కొట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు, నడిచి లోపలికి వెళ్లాడు, తర్వాత విలేకరులు వస్తే ఎదురుగా నిలబడి అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. నేను కొత్త ఉద్యోగంలో ఉన్నాను అప్పుడు, కోడ్‌లో చిన్న తప్పు దొరికితే పక్కవాడి మీదకి ఎలా తొయ్యాలా అని చూసే వయసు. తర్వాతి సోమవారం నవంబర్ 12న, న్యూయార్క్ నుంచి డొమినికన్ రిపబ్లిక్ వెళ్లే విమానం, ఫ్లైట్ 587, క్వీన్స్‌లో కూలిపోయింది, నేల మీదవాళ్లతో కలిపి 265 మంది పోయారు. యాంకీస్ ఆటగాడు ఎన్రికే విల్సన్‌కి దాంట్లో టికెట్ ఉంది, గెలిస్తే ఊరేగింపు అయ్యాక అందులోనే వెళ్లాలి, ఓడిపోయారు కాబట్టి ముందు విమానానికి మార్చుకుని వెళ్లిపోయాడు. ఓడిపోవడమే మంచిదైంది, స్నేహితుడు మిగిలాడు అని రివేరా తర్వాత చెప్పాడు. నాకైతే దాంట్లో దేవుడి లెక్క కనపడదు, మిగతా 265 మంది సంగతేంటి అనిపిస్తుంది. కానీ తన జీవితంలో అతి పెద్ద ఓటమి పక్కన ఒక స్నేహితుడి ప్రాణం పెట్టి తూచుకున్నాడు చూడండి, అక్కడ నాకు ఆ మనిషి అర్థమవుతాడు.

2004 కూడా చెప్పాలి. బాస్టన్‌తో సిరీస్ మొదలయ్యే ముందు పనామాలో వాళ్లింట్లో స్విమ్మింగ్ పూల్‌లో కరెంట్ షాక్ కొట్టి ఇద్దరు బంధువులు పోయారు. అంత్యక్రియలకి వెళ్లి, అదే రోజు విమానం ఎక్కి రాత్రి మ్యాచ్ నడుస్తుండగా స్టేడియానికి చేరి, బట్టలు మార్చుకుని బుల్‌పెన్‌లోకి నడిచి, ఆ రాత్రి సేవ్ తీశాడు. నాలుగో మ్యాచ్‌లో మాత్రం, ఇంకో మూడు అవుట్లు తీస్తే సిరీస్ ముగిసేది, కెవిన్ మిలార్‌కి వాక్ ఇచ్చాడు, అంటే గురి తప్పిన నాలుగు బంతులకి ఊరికే మొదటి బేస్ ఇచ్చాడు, అతని బదులు పరిగెత్తడానికి వచ్చిన డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరాడు, ఆ వెంటనే సింగిల్, స్కోరు సమం. బాస్టన్ 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచింది. తర్వాతి ఏప్రిల్‌లో ఫెన్వే పార్క్‌లో ఆయన పేరు చదవగానే బాస్టన్ జనం లేచి చప్పట్లు కొట్టారు, మా కోసం ఓడిపోయావు థాంక్యూ అని. ఆయన నవ్వి టోపీ తీసి ఊపాడు. కోపం దాచుకున్న నవ్వు కాదది, వీడియో చూడండి.

2012 మేలో కాన్సస్ సిటీలో ప్రాక్టీస్‌లో లేచిన బంతుల వెంట పరిగెడుతూ పడ్డాడు, మోకాలి లిగమెంట్ తెగింది. 42 ఏళ్లు. జెర్సీ నంబరు కూడా 42, పెద్ద లీగ్‌లో నల్లవాళ్లకి తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ నంబరు, 1997లో ఆయన మీద గౌరవంతో అన్ని టీమ్‌లూ దాన్ని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేస్తే అప్పటికే వేసుకున్నవాళ్లకి మాత్రం ఉంచారు, వాళ్లలో చివరికి మిగిలింది ఈయన. అందరూ ఇక్కడితో సరి అనుకున్నారు. ఇలా అవ్వనివ్వను, తిరిగొస్తానని మర్నాడే చెప్పాడు, వచ్చాడు, 2013లో 44 సేవ్‌లు. ఆ ఏడాది వెళ్లిన ప్రతి ఊళ్లో స్టేడియంలో పనిచేసేవాళ్లని, టికెట్లు చింపేవాళ్లని, వంటవాళ్లని, ఏళ్ల తరబడి వచ్చే అభిమానుల్ని ఒక గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. బుల్‌పెన్‌లో కూర్చునే మనిషికి కనపడకుండా పనిచేసేవాళ్లు కనపడతారు, నాకు అలా అనిపిస్తుంది.

2013 సెప్టెంబర్ 26, సొంత స్టేడియంలో చివరి రాత్రి. సేవ్ కూడా కాదది, టీమ్ ఓడిపోతోంది. నలుగురు బ్యాటర్లని వేశాడు, నలుగురూ అవుట్. ఇంకో అవుట్ మిగిలి ఉండగా, అతన్ని దింపడానికి మేనేజర్ బదులు డెరెక్ జీటర్, యాండీ పెటిట్ నడిచొచ్చారు, ఇద్దరూ మైనర్ లీగ్ నుంచీ తోడున్నవాళ్లు. అప్పటిదాకా ముఖంలో ఏమీ కనపడని మనిషి పెటిట్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మా ఇంట్లో టీవీ ముందు మా ఆవిడ, ఆట తెలియనిది, ఆవిడా ఏడ్చింది. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఆటలో గొప్పవాళ్లకి ఇచ్చే శాశ్వత గౌరవానికి, 425 మంది బేస్‌బాల్ రచయితలు ఓటేస్తే 425 మందీ ఈయనకి వేశారు. అంతకుముందు ఎవరికీ పూర్తిగా అందరి ఓట్లూ రాలేదు. ఒక రిలీఫ్ పిచర్‌కి వచ్చాయి.

ఏం బాబూ, ఏదో అడుగుతున్నావు, గట్టిగా చెప్పు. ఆ బంతి ఎలా పట్టుకుంటాడనా? మంచి ప్రశ్న అడిగావు. 2008 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో రాయ్ హాలడే అని టొరంటో పిచర్, మామూలు రోజుల్లో యాంకీస్‌కి పోటీ టీమ్‌వాడు, ఇదే అడిగాడు. రివేరా దాచుకోకుండా చూపించాడు. హాలడే బంతి మీద వేళ్ల చుట్టూ పెన్నుతో గీత గీసుకుని దాచుకున్నాడు. ఆ సంగతి తెలిసి యాంకీస్ ఆటగాళ్లు రివేరాకి ఫైన్ వేశారు, మన మీదే వేస్తాడు కదయ్యా అని.

ఇలా రా. ఇదిగో బంతి. కుట్టు ఇలా అడ్డంగా ఉండాలి, చూపుడు వేలు, మధ్య వేలు దాని మీద, బొటనవేలు కింద. ఇది మామూలు ఫాస్ట్‌బాల్. ఇప్పుడు పై రెండు వేళ్లూ కొంచెం బయటివైపుకి జరుపు, అంత కాదు, కొంచెమే. మధ్య వేలితో నొక్కు. మణికట్టు తిప్పకు, మామూలుగానే వెయ్యి. ఆ, అలాగే. ఇక్కడ వద్దు, అద్దాలున్నాయి, బయట పార్కింగ్ లాట్‌లో వేద్దాం పద, మీ నాన్నని గ్లోవ్ తెచ్చుకోమను.